వైన్ రుచి చూడటం ఎలా నేర్చుకోవాలి? పులుపు, వగరు తప్ప నాకేమీ అందడం లేదు

కొవ్వూరు_నాసిక్:

అందరికీ నమస్కారం. మాది కొవ్వూరు. ఉద్యోగం నాసిక్‌లో, ద్రాక్ష ఎగుమతి చేసే ప్యాక్‌హౌస్‌లో క్వాలిటీ చూసే పని. సీజన్‌లో పొద్దున లేచింది మొదలు ద్రాక్షే. గుత్తి చేతిలోకి తీసుకుంటే ఎన్ని రోజులు నిలుస్తుందో, తీపి ఎంత ఉంటుందో మీటర్ పెట్టకముందే చెప్పగలను. కానీ ద్రాక్షతోనే చేసిన వైన్ గ్లాసులో పోసి ఇస్తే ఏం చెప్పాలో తెలియదు.

ఇక్కడ గంగాపూర్ డ్యామ్ చుట్టూ, దిండోరి వైపు వైనరీలు చాలా ఉన్నాయి. ఊరి నుంచి చుట్టాలొస్తే త్ర్యంబకేశ్వర్‌లో గోదారి పుట్టిన చోటు చూపించి, మర్నాడు ఏదో ఒక వైనరీకి తీసుకెళ్తుంటాను. టేస్టింగ్ రూమ్‌లో ఐదారు రకాలు కొంచెం కొంచెం పోస్తారు. పోసే అబ్బాయి బ్లాక్‌కరంట్ అంటాడు, సెడార్ చెక్క అంటాడు. పక్కవాళ్లు తల ఊపుతారు. నాకు మాత్రం తెల్లది పుల్లగా ఉంటుంది, ఎర్రది వగరుగా ఉంటుంది. బ్లాక్‌కరంట్ నేను ఐస్‌క్రీమ్ డబ్బా మీద బొమ్మలో తప్ప ఎక్కడా చూడలేదు.

నాకు తాగుడు అలవాటు లేదు. వైనరీ అనగానే ఇంట్లో అమ్మకి టెన్షన్ కూడా. కానీ ఈ చుట్టుపక్కల రైతులు ఒక్కో తీగ మీద పడే శ్రమ రోజూ చూస్తుంటాను. ఆ శ్రమంతా గ్లాసులోకి ఎలా వస్తుందో తెలుసుకోవాలని నిజంగా ఉంది. ఇది నేర్చుకుంటే వచ్చేదేనా, లేక పుట్టుకతోనే మంచి ముక్కు ఉండాలా? పెద్దగా తాగకుండా నేర్చుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పోపులపెట్టె:

నేర్చుకుంటే వస్తుందండి, అనుమానం పెట్టుకోకండి. మాది తెనాలి. బెంగళూరులో హోటళ్లలో పనిచేసే పిల్లలకి ఇదే నేర్పుతాను. వాళ్లలో సగం మంది ఇళ్లల్లో మందు పేరెత్తనివ్వరు. అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలే చాలాసార్లు బాగా పట్టుకుంటారు.

మొదటి రోజు నేను సీసా తెరవను. దంచిన మిరియాలు, లవంగాలు, ధనియాలు, మెంతులు, పచ్చి కాప్సికం ముక్క, కాస్త వెన్న, ఇవి చిన్న గిన్నెల్లో పెట్టి, కళ్లకి గంతలు కట్టి, వాసన చూసి పేరు చెప్పమంటాను. రోజూ వంటింట్లో ఉండేవాళ్లు కూడా మెంతుల దగ్గర ఆగిపోతారు. "తెలుసు మేడమ్, మా ఇంట్లో ఉంటుంది, నోటి చివర ఉంది" అంటారు. వాసన తెలుసు, పేరు రాదు. మీ ఇబ్బంది కూడా అదే. మీ ముక్కు బాగానే పనిచేస్తోంది. ముక్కు పట్టిన దానికి పేరు పెట్టడం అలవాటు కాలేదు, అంతే.

ఈ గిన్నెల్లో ఉన్నవి ఊరికే పోలిక కోసం ఎంచినవి కావు. షిరాజ్ అనే ఎర్ర వైన్‌లో మిరియాల వాసన వస్తే అది రోటండోన్ అనే పదార్థం. మిరియాల్లో ఉన్నదీ సాక్షాత్తూ అదే. సావిన్యో బ్లాంక్ అనే తెల్ల వైన్‌లోనూ కాబెర్నే సావిన్యో అనే ఎర్ర వైన్‌లోనూ పచ్చి వాసన తెచ్చే పైరజీన్లు కాప్సికంలోనూ ఉంటాయి. కొన్ని వైన్లని ఉంచే ఓక్ చెక్క పీపా చేసేటప్పుడు లోపలివైపు నిప్పు మీద కాలుస్తారు. ఆ చెక్క నుంచి వైన్‌లోకి దిగే యూజినాల్ లవంగానికి ప్రాణం లాంటిది. మస్కట్ ద్రాక్షకి పూల వాసన ఇచ్చే లినలూల్ ధనియాల నూనెలో సగానికి పైగా ఉంటుంది. షార్డనే అనే తెల్ల వైన్లలో కొన్నిటికి వెన్న వాసన వస్తుంది. పుల్లటి మాలిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియా మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మార్చేటప్పుడు పుట్టే డయాసిటైల్ వల్ల అది. మెంతుల్లోని సొటొలాన్ అయితే మదీరా లాంటి బాగా పాత వైన్లలో కనిపిస్తుంది.

వాసనలు నేర్చుకోవడానికి ఫ్రాన్స్‌లో 54 చిన్న సీసాల పెట్టె ఒకటి అమ్ముతారు. మంచిదే, కానీ చాలా ఖరీదు. మీ అమ్మగారి పోపుల పెట్టెతో మొదలుపెట్టండి. రోజూ వంటకి ముందు రెండు డబ్బాలు కళ్లు మూసుకుని వాసన చూడండి. బ్లాక్‌కరంట్ జోలికి ఇప్పుడే పోవద్దు. మీకు నేరేడు పండు గుర్తొస్తే నేరేడు అనే రాసుకోండి. మీరు ఎప్పుడూ తినని పండు పేరు నోట్‌బుక్‌లో ఉంటే రేపు ఆ పేజీ మీకే పనికిరాదు.

ఇక నోటి సంగతి. దీనికీ మొదట వైన్ అక్కర్లేదు. ఒకే టీ పొడి తీసుకుని, పాలూ చక్కెరా లేకుండా ఒక కప్పు 2 నిమిషాలు, ఇంకో కప్పు 8 నిమిషాలు నాననివ్వండి. రెండో కప్పులోది ఒక గుక్క తీసుకుని నోరంతా తిప్పి ఉమ్మేయండి. తర్వాత నాలుక కొనతో పైపళ్ల చిగుళ్లు తడిమి చూడండి. గరుకుగా, తడి ఆరిపోయినట్టు ఉంటాయి. అది టానిన్. తర్వాత రెండు గ్లాసుల నీళ్లలో నిమ్మరసం సమానంగా పిండి, ఒకదానిలోనే చక్కెర వేయండి. చక్కెర వేసింది అంత పుల్లగా లేదని నాలుక చెబుతుంది. కానీ మింగాక తల కొంచెం వంచి చూడండి, దవడల పక్కన రెండింటికీ నీళ్లు ఊరుతూనే ఉంటాయి. తీపి నాలుకని మాయ చేస్తుంది కానీ ఆ ఊటని ఆపలేదు. వైన్‌లో పులుపు ఎంతో చూడాలంటే నాలుకని కాదు, ఆ ఊటని గమనించాలి. మా పిల్లలకి ఈ ఒక్క విషయం అందిన రోజు నాకెంత సంతోషమో చెప్పలేను.

అప్పుడు సీసా తెరవండి. ఒక్కటి కాదు, ఎప్పుడూ రెండు. ఒక్క గ్లాసు ముందు పెట్టుకుంటే "బావుంది" అనో "బాలేదు" అనో తప్ప మాట రాదు. రెండు పక్కపక్కన ఉంటే "ఇది దానికంటే పుల్లగా ఉంది, దీనికి వాసన ఎక్కువ" అని మాట దానంతటదే వస్తుంది. మీ దగ్గరే దొరికే నాసిక్ షెనిన్ బ్లాంక్, సావిన్యో బ్లాంక్ అనే రెండు తెల్ల వైన్లు తీసుకోండి. మామూలు షెనిన్లలో చాలావాటికి కాస్త తీపి మిగిలి ఉంటుంది. సావిన్యో బ్లాంక్ (ఇకపై సావిన్యో అంటే ఇదే) తీపి లేకుండా, పచ్చి వాసనతో ఉంటుంది. అడుగున వెడల్పుగా, మూతి దగ్గర కాస్త ముడుచుకున్న గ్లాసు ఏదైనా చాలు. 40 మి.లీ. మించి పోయకండి, పైన ఖాళీ ఉంటేనే వాసన నిలుస్తుంది. ముందు కదపకుండా ఒకసారి వాసన చూడండి, తర్వాత గ్లాసు తిప్పి ఇంకోసారి. పొట్టిగా రెండు పీల్పులు పీల్చి ఆపేయండి. అదే పనిగా పీలుస్తూ కూర్చుంటే ముక్కు ఆ వాసనకి అలవాటుపడిపోయి చెప్పడం మానేస్తుంది. ఆ సమయంలో ఇంట్లో తాలింపు, అగరొత్తి, ఒంటి మీద సెంటు ఏవీ ఉండకూడదు.

తాగకుండా నేర్చుకోవచ్చా అన్నారు. తప్పకుండా. ఉమ్మేయాలి. లండన్‌లో 1969లో మొదలైన డబ్ల్యుఎస్ఈటీ అనే సంస్థ పాఠాలు ఇప్పుడు మన దేశంలోనూ చెబుతున్నారు. ఆ క్లాసుల్లో ఉమ్మడానికి పాత్ర ఉంటుంది, అందులో సిగ్గుపడేదేమీ లేదు. వైన్ నోట్లో ఉండగా పెదాల మధ్య నుంచి కొంచెం గాలి లోపలికి లాగండి. గొంతు వెనకనుంచి వాసన ముక్కుకి ఎక్కుతుంది, మింగాల్సిన పనే లేదు. ఉమ్మేశాక రుచి ఎంతసేపు నిలిచిందో చూసుకోండి. మంచి వైన్‌కి మామూలు వైన్‌కి తేడా చాలావరకు అక్కడే తెలుస్తుంది. ఉమ్మినా కొంత లోపలికి పోతుంది, కాబట్టి వైనరీకి బండి మీద వెళ్లకండి.

ఉప్పల్_ల్యాబ్:

పై మేడమ్ చెప్పినదానికి కొంచెం కలుపుతాను. నేను ఫుడ్ ఫ్లేవర్ల ల్యాబ్‌లో పనిచేస్తాను.

వైన్‌లో ఆ మిరియాల వాసన రోటండోన్‌దే అని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రచురించారు. వాళ్ల పరీక్షలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియలేదు. మంచినీళ్లలో ఎక్కువ మోతాదులో కలిపి ఇచ్చినా తెలియలేదు. కాబట్టి పక్కవాళ్లు మిరియాలు అంటుంటే మీకు అందకపోతే దిగులు పడకండి. ఆ ఒక్క వాసన మీ ముక్కుకి లేకపోవచ్చు, మిగతావన్నీ ఉంటాయి. నా వరకు అది చాలా ఊరటనిచ్చే విషయం.

రెండోది, కళ్లని నమ్మకండి. ఫ్రాన్స్‌లో బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. అదే వైన్‌ని తెల్లగా ఇచ్చినప్పుడు తెల్ల వైన్ మాటలు రాసినవాళ్లు, రంగు మారేసరికి ఎర్ర వైన్‌కి వాడే మాటలు రాశారు. ఆ పరిశోధన 2001లో వచ్చింది. చదువుకున్నవాళ్లనే రంగు అంత లాగేస్తే ధర, లేబుల్, పోసే అబ్బాయి మాటలు మనల్ని ఇంకెంత లాగుతాయో ఆలోచించండి. ఇంట్లో ఎవరిచేతనైనా సీసాలకి న్యూస్‌పేపర్ చుట్టించి, ఏది ఏదో చెప్పకుండా పోయించుకోండి. టేస్టింగ్ రూమ్‌లో అయితే ఆ అబ్బాయిని మర్యాదగా అడగండి, "నేను రాసుకున్నాక చెబుతారా" అని. ఏమీ అనుకోరు.

ఇంకొకటి, తెలిసినవాళ్లు చేస్తున్నారని చెబుతున్నాను. హంపీకి దగ్గర్లో, కొప్పళ జిల్లాలో క్రస్మా అని ఒక వైనరీ ఉంది. దాన్ని పెట్టింది హైదరాబాద్‌కి చెందిన మన తెలుగు దంపతులు, చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ గార్లు. వాళ్ల కాబెర్నే ఒకటి, నాసిక్ కాబెర్నే ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి. ద్రాక్ష రకం అదే, నేల వేరు. ధర ఎక్కువే, కాబట్టి ముందు మామూలువాటితో చేయి తిరిగాకే.

కొవ్వూరు_నాసిక్:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. టీ, నిమ్మనీళ్లు రెండూ చేశాను. చిగుళ్ల దగ్గర ఆ గరుకు ఇంత స్పష్టంగా తెలుస్తుందనుకోలేదు. ఇన్నాళ్లూ నేను వగరు అంటున్నది టానిన్ అని ఇప్పుడు అర్థమైంది. తర్వాత షెనిన్, సావిన్యో పక్కపక్కన పెట్టాను. సావిన్యోలో పచ్చి కాప్సికం వచ్చింది! మొదట నమ్మలేదు. వంటింట్లోకి వెళ్లి కాప్సికం కోసి, వాసన చూసి, మళ్లీ గ్లాసు దగ్గరికి వచ్చాను. అదే. అమ్మ కూడా గ్లాసు వాసన చూసి, "అవున్రా, బెంగళూరు మిరపకాయే" అంది. ఆవిడ తాగలేదు, కానీ టెన్షన్ కొంత తగ్గింది.

ఇప్పుడు ఎర్రది. గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలని సీసా వెనక రాసి ఉంది, అలాగే తెరిస్తే గొంతులో మంట తప్ప ఏమీ తెలియలేదు. ఇంకో సమస్య, నేనొక్కణ్ణే, అదీ ఉమ్మేస్తూ చూసేది. సీసాలో మిగిలిందంతా ఏం చేయాలి? పారబోయడానికి మనసొప్పడం లేదు.

పోపులపెట్టె:

అమ్మగారికి నా నమస్కారాలు. ఆవిడ ముక్కు మీ ముక్కుకంటే ముందుంది, పక్కన కూర్చోబెట్టుకోండి.

ఆ గది ఉష్ణోగ్రత మాట చలిదేశాల్లో పుట్టింది. వాళ్ల పాత ఇళ్ల గదులు 16, 18 డిగ్రీలు ఉండేవి. మన గది 30 దాటుతుంది. ఆ వేడికి ఆల్కహాల్ ముందు పైకి లేచి పండు వాసనని మింగేస్తుంది, మీకు మంట అనిపించింది అదే. ఎర్రదాన్ని కూడా తెరిచే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. సీసా చేతికి చల్లగా తగలాలి, చెమట పట్టకూడదు. తెల్లదానికి సమస్య అటువైపు. ఫ్రిజ్‌లోంచి తీయగానే పోస్తే మరీ చల్లగా ఉండి వాసన లేవదు. గ్లాసులో పోసి కాసేపు ఆగండి, పది, పన్నెండు డిగ్రీలకి వచ్చేసరికి తలుపు తెరుచుకుంటుంది. ఒకే వైన్‌ని చల్లగా ఒకసారి, పావుగంట ఆగి ఇంకోసారి చూడటం కూడా మంచి పాఠమే, ఖర్చు లేనిది.

మిగిలినదానికి ఒక పద్ధతి ఉంది. సగం సైజు సీసా, 375 మి.లీ.ది, మరమూతది ఒకటి సంపాదించి శుభ్రంగా కడిగి ఆరబెట్టుకోండి. కొత్త సీసా తెరవగానే, గ్లాసులో పోసుకోకముందే, ఈ చిన్న సీసాని మూతి దాకా నింపి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. వైన్‌ని పాడుచేసేది గాలి. పైన ఖాళీ లేకపోతే గాలి ఉండదు, వారం దాకా బాగానే ఉంటుంది. ఎర్రదైనా ఫ్రిజ్‌లోనే. పెద్ద సీసాలో మిగిలింది కావాలని అలాగే వదిలేసి, మూడోరోజు, ఐదోరోజు వాసన చూడండి. పండు వాసన తగ్గుతూ, కోసి వదిలేసిన యాపిల్ వాసన ఎక్కుతుంది. పాడైన వైన్ ఎలా ఉంటుందో తెలియడం కూడా ఈ విద్యలో భాగమే.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మన ఊళ్లలో వైన్స్ షాపుల్లో వైన్‌కి ఒక మూల ఒక్క అర ఉంటుంది. ఏసీ ఉండదు, సీసాలు వేసవంతా ఎండవైపు నిలబడే ఉంటాయి. ఒకసారి మా చెల్లెలి ఊరిలో కొన్న సీసాకి కార్కు మూతిలోంచి కొంచెం పైకి పొడుచుకొచ్చి, పక్కనుంచి జిగురు కారి ఎండిపోయి ఉంది. లోపల వైన్ ఉడికిన పండు రసంలా అయిపోయింది. కార్కు పైకి లేచినా, తొడుగు కింద జిగురు కనిపించినా తీసుకోవద్దు. మీరు నాసిక్‌లో ఉన్నారు, వైనరీలోనే కొనండి. మరమూత ఉంటే చవకరకం అనుకోవద్దు. కార్కు వల్ల తగులుకునే తడి అట్టపెట్టె కంపు దానికి రాదు.

బరోసా_పక్కన:

నేను ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లో ఉంటాను. వైన్ తోటలుండే బరోసా లోయ మాకు గంట ప్రయాణం. 1840ల్లో నాటిన షిరాజ్ తీగలు అక్కడ ఇప్పటికీ కాస్తున్నాయి. మొదట్లు మన వేపచెట్టు మాను లాగా మెలితిరిగి ఉంటాయి, చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మిరియాల గురించి ఒక మాట. షిరాజ్ అనగానే మిరియాలు వెతక్కండి. రోటండోన్ చల్లటి చోట పండిన షిరాజ్‌లో ఎక్కువ, వేడి చోట తక్కువ. మా బరోసా వేడిగా ఉంటుంది, అందుకని ఇక్కడి సీసాల్లో ముగ్గిన నల్లపండు, చాక్లెట్ ముందుంటాయి. నాసిక్ కూడా వెచ్చటి చోటే. మిరియాలు అందకపోతే అది మీ ముక్కు లోపం అయ్యుండక్కర్లేదు, గ్లాసులోనే ఉండకపోవచ్చు.

ఎవరూ తిండి సంగతి ఎత్తలేదు, అది లేకుండా మనవాళ్లకి వైన్ నచ్చదు. గోంగూర మాంసం పక్కన టానిన్ ఎక్కువున్న ఎర్రది పెట్టకండి. కారం, టానిన్, ఆల్కహాల్ మూడూ కలిసి నోరు మండిపోతుంది. గోంగూర పులుపు ముందు మామూలు వైన్ చప్పగా పడిపోతుంది కూడా. తిండి ఎంత పుల్లగా ఉంటే వైన్ అంతకంటే పుల్లగా ఉండాలి. మా ఇంట్లో గోంగూరకి సావిన్యో, కోడి వేపుడు లాంటి కారానికి కొంచెం తీపి మిగిలిన షెనిన్. ఎర్రది కావాలంటే కారం తగ్గించిన మటన్ కబాబుల్లాంటివి. మాంసం, ఉప్పు పడేసరికి అదే టానిన్ మెత్తబడుతుంది. ముందు వైన్ ఒక గుక్క, తర్వాత ఒక ముద్ద, మళ్లీ ఒక గుక్క. రెండో గుక్క మొదటిదానికంటే ఎలా మారిందో చూడండి.

కొవ్వూరు_నాసిక్:

ఎర్రదాన్ని అరగంట ఫ్రిజ్‌లో పెట్టి చూశాను. మంట పోయింది. నేరేడు వచ్చింది, చివర్లో లవంగం. పీపాలో ఉంచిన వైన్ అని తర్వాత లేబుల్ చూస్తే తెలిసింది. న్యూస్‌పేపర్ చుట్టింది అమ్మే.

చివరగా ఒక్కటి. ఇక్కడ కోతల కాలం వస్తోంది. తోటలోనే ద్రాక్ష తిని నేర్చుకునేదేమైనా ఉందా?

పోపులపెట్టె:

ఉంది, ఆ అవకాశం మాలాంటివాళ్లకి రోజూ దొరకదు. మీ చుట్టూ అక్టోబరు ప్రాంతంలో కొమ్మ కత్తిరిస్తారు, కాబట్టి వైన్ ద్రాక్ష కోత జనవరి చివరి నుంచి మార్చి దాకా నడుస్తుంది. తెలిసిన రైతుని అడిగి ఒక షిరాజ్ గుత్తి, ఒక సావిన్యో గుత్తి తెచ్చుకోండి. పక్కన మీ ప్యాక్‌హౌస్‌లోని థాంప్సన్, అదే తినే ద్రాక్ష, పెట్టుకోండి. షిరాజ్ పండు చిన్నది, తోలు మందం, లోపల విత్తనాలు. గుజ్జు మింగేసి తోలు ఒక్కటే నమలండి. రంగు నాలుకకి అంటుతుంది, టీ కప్పులో చూసిన ఆ గరుకు చిగుళ్లకి తెలుస్తుంది. తర్వాత విత్తనం కొరకండి. అది ఇంకా ముతకగా, చేదుగా ఉంటుంది. పచ్చగా ఉన్న విత్తనానికీ, గోధుమరంగుకి తిరిగి పటుక్కున విరిగే విత్తనానికీ వగరులో ఉన్న తేడా చూడండి. కోత ఎప్పుడన్నది నిర్ణయించడానికి వైనరీవాళ్లూ ఇలాగే నమిలి చూస్తారు. ఎర్ర వైన్ తోలుతో కలిపి పులియబెడతారు కాబట్టి ఈ రంగూ ఈ వగరూ అందులోకి దిగుతాయి. తెల్లదానికి ముందే రసం పిండి తోలు తీసేస్తారు కాబట్టి దిగవు.

మీ మీటర్ కూడా పట్టుకెళ్లండి. మీ థాంప్సన్ 18 బ్రిక్స్ (రసంలో తీపి కొలత) దగ్గర కోస్తారేమో, ఎర్ర వైన్ ద్రాక్ష 23, 24 దాకా ఆగుతుంది. ఆ అంకెని 0.55తో గుణిస్తే తీపి అంతా పులిసిపోయాక వచ్చే ఆల్కహాల్ శాతం ఇంచుమించు వస్తుంది. 24 అయితే 13 పైన. అదే తోట వైన్ సీసా మీద అచ్చువేసిన శాతంతో పోల్చుకోండి. కోత మొదలైతే వాళ్లకి క్షణం తీరిక ఉండదు, కాబట్టి జనవరిలోనే అడిగి పెట్టుకోండి. వెళ్లేది పొద్దున్నే వెళ్లండి. చల్లగా ఉండగానే కోసి లోపలికి చేర్చేస్తారు, పదింటికి వెళ్తే ఖాళీ తీగలే ఉంటాయి.